ఒక్క బటన్, రెండు బోట్లు

2019వ సంవత్సరం, నవంబరు నెల. ఇందుకూరుపేట మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక పాళెంలో మత్స్యకారుల సహకార సంఘానికి రెండు గదుల కార్యాలయం ఉంది. ముందు గదిలో కంప్యూటర్, ప్రింటర్, యూపీఎస్, గోడకు బిగించిన వైర్‌లెస్ సెట్. వెనక గదిలో ఐస్ పెట్టెలు, డీజిల్ డబ్బాలు. కిటికీలోంచి చూస్తే చేపల వేలం జరిగే సిమెంటు దిమ్మె, దాని అవతల ఇసుక, ఇసుక మీదికి లాగిపెట్టిన ఫైబర్ బోట్లు కనిపిస్తాయి. ఆ కార్యాలయంలో ఏ వస్తువును ముట్టుకున్నా చేతికి ఉప్పు తగులుతుంది. కీబోర్డు మీద మీటలు కూడా అందుకు మినహాయింపు కాదు.

నెల్లూరులో ఉంటూ చిన్న సంస్థలకు డేటాబేస్‌లు తయారుచేయడం, ఇతరులు తయారుచేసి వదిలేసినవాటిని నడిపించడం నా వృత్తి. రైస్ మిల్లులు, రొయ్యపిల్లల హేచరీలు, ఒకటి రెండు ఆసుపత్రులు నా ఖాతాదారులు. ఈ సంఘం డేటాబేస్ రెండో రకానికి చెందినది. నాకు ముందు ఎవరో శ్రద్ధగానే తయారుచేసి, వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయారు. నిర్వహణ బాధ్యత నాకు వచ్చింది.

ఈ పనితో పరిచయం లేనివారి కోసం కొన్ని మాటలు ముందే చెప్పాలి. డేటాబేస్‌లో సమాచారం టేబుళ్ళలో ఉంటుంది. వాడేవారు టేబుల్‌ను నేరుగా ముట్టుకోకుండా, తెర మీద ఫారం పెడతాం. ఒక్కో బోటు వివరాలు ఒక్కో రికార్డుగా ఆ ఫారంలో కనిపిస్తాయి. ఫారం మీద కమాండ్ బటన్లు ఉంటాయి. బటన్ తనంతట తాను ఏమీ చేయదు. దాన్ని నొక్కినప్పుడు ఏం జరగాలో వరుసగా రాసిపెట్టిన ఆజ్ఞలను మాక్రో అంటాం: దీన్ని తెరువు, దాన్ని మార్చు, ఇది ముద్రించు. వాడేవారికి కనిపించేది బటన్ మీది మాట ఒక్కటే. వెనక ఉన్న మాక్రోను వాళ్ళు ఎన్నడూ చూడరు. మాట ఒకటి చెప్పి మాక్రో మరొకటి చేస్తే ఆ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియకపోవచ్చు.

ఈ సంఘం ఫారంలో మూడు బటన్లు ఉండేవి. మొదటిది 'వెళ్ళింది'. రెండోది 'వచ్చింది'. మూడోది 'సముద్రంలో ఉన్నవి'. ఈ మూడోదాన్ని నొక్కితే, వెళ్ళి ఇంకా తిరిగిరాని బోట్ల పట్టిక కాగితం మీద ముద్రించి వస్తుంది. ఎప్పుడు తిరిగి వస్తారో రాసుకునే గడి మాత్రం ఫారంలో లేదు. మొదట్లో ఉండేదట, ఎవరూ నింపకపోవడంతో తీసేశారట. ఆ తీరంలో సముద్రానికి పోతున్న మనిషిని ఎప్పుడొస్తావని అడగరు. అడిగితే అపశకునం. అందుకే సంఘం గుమాస్తా ధనలక్ష్మి ఎవరినీ ఏమీ అడిగేది కాదు. బోటు పెట్టెలో ఐస్ వేయించుకుంటే 'వెళ్ళింది' నొక్కేది. ఆ బోటు చేపలు వేలం దిమ్మె మీదికి రాగానే కిటికీలోంచి చూసి 'వచ్చింది' నొక్కేది. అడగకుండానే లెక్క నడిచే పద్ధతి అది. నాకు ముచ్చటగా కూడా అనిపించేది.

ఆ రోజు నన్ను పిలిచింది చాలా చిన్న పనికి. బోట్లన్నీ ఒడ్డుకు చేరిన రోజున మూడో బటన్ నొక్కితే ఖాళీ పట్టిక వచ్చి, కింద మొత్తం రావలసిన చోట 'ఎర్రర్' అని అచ్చవుతోంది. కూడడానికి ఒక్క రికార్డు కూడా లేనప్పుడు రిపోర్టు అలా అనడం మామూలే. సంఘం అధ్యక్షుడు పోలయ్య గారికి అది మామూలుగా తోచలేదు. ఆయన వయసులో ఉన్నప్పుడు బోటు నడిపిన మనిషి.

"ఎర్రరంటే తప్పనే గదమ్మా?" అన్నారు నేను వెళ్ళీ వెళ్ళగానే. "బోట్లన్నీ కొంపకు జేరితే అది తప్పెట్టా అయితింది? ఆ కాగితం చూసిన ప్రతిసారీ నా గుండెలో రాయి పడతా ఉండాది."

"లెక్కపెట్టడానికి ఏమీ లేకపోతే అది అలా అంటుందండీ."

"లేకపోతే లేవని మర్యాదగా చెప్పొచ్చు గదా!"

"ఈయన కాగితం చూసేది, నా మీద కేకలేసేది మేడం," అంది ధనలక్ష్మి. "కంప్యూటరు నేనేదో చెడగొట్టినట్టు."

పోలయ్య గారు తొందరపడడానికి ఆ రోజు మరో కారణం ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందనీ, సాయంత్రానికి గాలి పెరుగుతుందనీ, సముద్రంలో ఉన్న బోట్లన్నీ వెనక్కి రావాలనీ అధికారులు చెప్పారు. ఇంకా ఎన్ని బోట్లు రావాలో మధ్యాహ్నంలోగా సంఘం మత్స్యశాఖ అధికారికి తెలియజేయాలి. తెల్లవారినప్పటి నుంచి బోట్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. నేను వెళ్ళేసరికి వేలం ముగిసి, దిమ్మె కడిగేస్తున్నారు. ఆకాశం మూతపడినట్టు ఉన్నా గాలి మాత్రం ఇంకా లేవలేదు.

రిపోర్టులో 'నో డేటా' అనే ఒక చోటు ఉంటుంది. చూపించడానికి రికార్డులు లేనప్పుడు ఏం చేయాలో అక్కడ రాయవచ్చు. రెండు ఆజ్ఞల చిన్న మాక్రో రాశాను. తెర మీద ఒక సందేశం చూపించడం మొదటిది, ముద్రణను ఆపేయడం రెండోది. సందేశం ఏమని ఉండాలో పోలయ్య గారినే అడిగాను. ఆయన చెప్పినట్టే రాసి, మూడో బటన్ నొక్కి చూపించాను.

'సముద్రంలో మన బోట్లు లేవు. అన్నీ ఒడ్డుకు చేరినవి.'

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు. "ఇదీ మాటంటే! ఇప్పుడు ఆఫీసరు సారుకి ధైర్యంగా చెప్తా," అంటూ ఫోను చేతిలోకి తీసుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆదెమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేపలు అమ్ముకునే మనిషి. ఉదయాన్నే కోవూరు పోయి, గంప ఖాళీ చేసుకుని ఆటోలో తిరిగి వచ్చింది. ఆమె పెద్దకొడుకు శీనయ్యకు ఒక బోటు, చిన్నకొడుకు రమణకు ఒక బోటు. ఖాళీ గంప ఇంకా చంకలోనే ఉంది.

"పోలయ్యన్నా, మా చిన్నోడి బోటు యాడ లాగినారు?"

"ఇసక మీదే ఉంటాది, చూడు పో."

"చూసే వస్తా ఉండా. శీనయ్య బోటుండాది. రమణ బోటు లేదు."

"లేకేం? వచ్చేసినాడు. ఇప్పుడే కంప్యూటరు చెప్పింది, అందరూ వచ్చేసినారని."

"కంప్యూటరుకి చెప్పి నాకు చెప్పలేదా నా కొడుకు?"

"ఎవరింట్లోనో పడి నిద్రపోతా ఉంటాడు లేమ్మా!"

"బోటు నెత్తిన బెట్టుకోని నిద్రపోతా ఉండాడా అన్నా?"

పోలయ్య గారు ఫోను బల్ల మీద పెట్టేశారు. ధనలక్ష్మి గబగబా రమణ బోటు రికార్డు తెరిచి, "ఇదిగో పెద్దమ్మా, వచ్చినట్టే ఉంది, టైము కూడా ఉంది," అని తెర వైపు చూపించింది. ఆదెమ్మ తెర వైపు చూడలేదు. కిటికీలోంచి ఇసుక వైపు చూసింది.

తెర వైపు చూసింది నేను. రమణ బోటు తిరిగివచ్చిన సమయం చదివి, శీనయ్య బోటు రికార్డు తెరిచి, అందులోని సమయం చదివాను. రెండూ ఒకటే. గంట, నిమిషమే కాదు, సెకను కూడా ఒకటే. మనిషి ఒక రికార్డులో బటన్ నొక్కి, మరో రికార్డుకు వెళ్ళి, అక్కడ మళ్ళీ నొక్కడానికి కొంత సమయం పడుతుంది. ఆ రెండు నొక్కుళ్ళూ ఒకే సెకనులో పడవు.

"ధనలక్ష్మీ, ఈ రెండు బోట్లకూ 'వచ్చింది' నొక్కింది మీరేనా?"

"శీనయ్యన్న బోటుకు నొక్కినా మేడం. చేపలు దిమ్మె మీదికి తెచ్చేది చూసే నొక్కినా. రమణ బోటుకు..." ఆ అమ్మాయి ఆగిపోయింది. "నొక్కినట్టు గుర్తు లేదు. ఇట్టా తరచుగా అయితా ఉంటుంది మేడం. రికార్డు తెరిస్తే అప్పటికే వచ్చినట్టు ఉంటుంది. రద్దీలో నేనే నొక్కి మరిచిపోయినానేమో అనుకుంటా."

ఫారంను డిజైన్ వ్యూలో తెరిచాను. అంటే వాడే రూపాన్ని పక్కనబెట్టి, తయారుచేసిన రూపాన్ని చూడడం. 'వచ్చింది' బటన్ వెనక మాక్రోలో మొదటి ఆజ్ఞ 'సెట్ వార్నింగ్స్', దాని విలువ 'నో'. రెండోది ఒక అప్‌డేట్ క్వెరీని నడిపే ఆజ్ఞ. అప్‌డేట్ క్వెరీ అంటే టేబుల్‌లో ఒక షరతుకు సరిపోయే రికార్డులన్నిటినీ ఒకేసారి మార్చేది. ఆ షరతు చూశాను. 'ఈ బోటు నంబరు' అని లేదు. 'ఈ జత సంకేతం' అని ఉంది.

తల ఎత్తి, "జత అంటే ఏమిటండీ?" అని పోలయ్య గారిని అడిగాను.

ఆయన చెప్పారు. ఆ పాళెంలో ఏ బోటూ సముద్రానికి ఒంటరిగా పోదు. అన్నదమ్ములవో, బావాబావమరుదులవో రెండు బోట్లు జత కట్టి పోతాయి. ఒకదానికొకటి కనుచూపు మేరలో వలలు వేస్తాయి. ఒకదాని ఇంజను ఆగిపోతే రెండోది కట్టి లాక్కొస్తుంది. రెండోదాన్ని వదిలేసి మొదటిది రావడమన్నది ఉండదు. "పాత సెక్రెటరీయే చెప్పి పెట్టించుకున్నాడమ్మా. జతగా పోయినోళ్ళు జతగానే వస్తారు, ఊరికే రెండుసార్లు నొక్కేదెందుకని."

పాత సెక్రెటరీ అన్నది అబద్ధం కాదు. అన్ని రోజులూ అది నిజమే అయింది కూడా. అందువల్లే ఆ మాక్రో తప్పని ఎవరికీ తెలియలేదు. తెలియజేయగలిగిన ఒక్క సాధనాన్ని మొదటి ఆజ్ఞే ఆపేసింది. మామూలుగా అప్‌డేట్ క్వెరీ నడిచే ముందు, 'మీరు ఇన్ని వరుసలు మార్చబోతున్నారు, సరేనా' అని ఒక చిన్న పెట్టె తెర మీదికి వస్తుంది. ప్రతిసారీ అలా అడగడం విసుగని, వాడేవారి సౌకర్యం కోసం 'సెట్ వార్నింగ్స్' ఆజ్ఞతో దాన్ని మూసేస్తారు. ఇక్కడా అదే చేశారు. ఆ పెట్టె వస్తూ ఉంటే, ఒక్క బోటుకు నొక్కినప్పుడు రెండు వరుసలు మారుతున్నాయని ధనలక్ష్మికి మొదటి రోజే తెలిసేది.

నేను అప్పుడే రాసిన సందేశం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. అన్నీ ఒడ్డుకు చేరినవి. అంత శుభ్రంగా, అంత మర్యాదగా ఉన్న ఒక అసత్యాన్ని నా వృత్తిలో మళ్ళీ చూడలేదు.

"పోలయ్య గారూ, రమణ బోటు వచ్చిందని ఎవరూ చెప్పలేదు. శీనయ్య బోటు వచ్చిందని ధనలక్ష్మి చెబితే, రెండూ వచ్చాయని ఇదే రాసుకుంది."

ఆదెమ్మ గంప కింద పెట్టింది. ఏడవలేదు. "అయితే నా బిడ్డ నీళ్ళ మీదే ఉండాడు," అంది. అడగడం కాదు, చెప్పడం.

ఇటువంటి సమయంలో ముందు చేయవలసిన పని తప్పు ఎంత మేరకు పాకిందో తేల్చుకోవడం. ఒక్క రమణ బోటేనా, ఇంకా ఉన్నాయా? ఆ రోజు ఒకే సెకనులో వచ్చినట్టు నమోదైన బోట్లన్నిటినీ విడదీసి చూపే క్వెరీ రాసి, పేర్లు కాగితం మీద తీసి పోలయ్య గారి చేతిలో పెట్టాను. ఆయన ఆ కాగితం పట్టుకుని, పంచె ఎగ్గట్టి, ఇసుక మీద ఒక్కో బోటు దగ్గరికీ పోయి పేరు పెట్టి పిలుస్తూ చూసి వచ్చారు. కార్యాలయంలోకి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. తిరిగి వచ్చి, ఆయాసపడుతూ, "అన్నీ ఉండాయి. ఆ ఒక్కటే లేదు," అన్నారు.

నేను డేటాబేస్‌కు ఒక నకలు తీసి పక్కన ఉంచి, రమణ బోటు రికార్డులో తిరిగివచ్చిన సమయాన్ని తుడిచేశాను. మూడో బటన్ నొక్కాను. ఈసారి సందేశం రాలేదు. ప్రింటర్ కదిలి, ఒక్క వరుస ఉన్న కాగితాన్ని బయటికి వదిలింది. బోటు నంబరు, రంగు నీలం, మనుషులు నలుగురు. పోలయ్య గారు దాన్ని చూసి అధికారికి చదివి వినిపించారు. "ఒక బోటుండాది సార్. ఒకటే. మనుషులు నలుగురు." ఆ ఫోనులో 'లేవు' అన్న మాట పోయి ఉంటే, మర్నాటి దాకా ఆ బోటు కోసం ఎవరూ వెతికేవారు కాదు.

ఇక శీనయ్య దొరకాలి. జత బోటును వదిలి ఎందుకు వచ్చాడో, ఎక్కడ వదిలాడో చెప్పగలిగింది అతనొక్కడే. అతని ఫోను మోగడం లేదు. దిమ్మె కడుగుతున్న ఒకామె, "శీనయ్య తన బోటు మనిషి మస్తానయ్యని ఆటోలో యేసుకోని నెల్లూరు పోయినాడు గదా, చెయ్యి ఇంత లావైంది వాడికి," అంది. ధనలక్ష్మికి వెంటనే తోచింది. ఆ ఆటో నడిపే అతని నంబరు ఊళ్ళో అందరి దగ్గరా ఉంటుంది. ఆటో డ్రైవరు ఫోను శీనయ్య చేతికి వెళ్ళింది. ఇక్కడ పోలయ్య గారు స్పీకరు పెట్టారు.

"అన్నా, మస్తానయ్యకి జెల్ల చేప ముల్లు దిగిందన్నా. చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. తమ్ముడే పొమ్మన్నాడు, వల లాగేసి వెనకాలే వస్తానని. ఇప్పుడు డాక్టరు సూదేసినాడు, బాగుండాడు." కొంచెం ఆగి, "ఏందన్నా, వాడు రాలేదా?" అన్నాడు.

ఆదెమ్మ ఫోను దగ్గరికి వంగింది. "యాడ వదిలిపెట్టినావురా తమ్ముణ్ణి?"

"పది బారల లోతు నీళ్ళలో మా. ఒడ్డు పక్క తిరిగి చూస్తే, ఎడం చేతి పక్క కృష్ణపట్నం క్రేన్లు సన్నంగా కనపడతాయి. ఆడే వల ఏసి ఉండాం. వెనకాలే వస్తా ఉండాడు అనుకున్నా మా..."

"సరే. నువ్వు మస్తానయ్యని చూసుకో ముందు. మళ్ళా మాట్లాడతా నీతో."

అక్షాంశాలు, రేఖాంశాలు లేకపోయినా సముద్రం తెలిసినవాళ్ళకు అది పూర్తి చిరునామా. రమణ బోటులో వైర్‌లెస్ లేదు, ఫోను అంత దూరం అందదు. పోలయ్య గారు వైర్‌లెస్ సెట్ ముందు కూర్చుని, అదే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పసాగారు. చాలాసేపు గరగర శబ్దమే జవాబు. ఆ తరువాత దక్షిణం నుంచి వెనక్కి వస్తున్న ఒక పెద్ద మరబోటు పలికింది. తాము ఆ దారినే ఉన్నామనీ, పక్కకు తిరిగి చూసి వస్తామనీ చెప్పింది.

మిగిలింది ఎదురుచూడడమే. చేతులు ఊరికే ఉంచుకోలేక, నేను మాక్రోను విప్పి సరిచేయడం మొదలుపెట్టాను. షరతులో జత సంకేతం తీసేసి బోటు నంబరు పెట్టాను. 'సెట్ వార్నింగ్స్' ఆజ్ఞను తొలగించాను. ఆదెమ్మ గడప మీద కూర్చుని నా వేళ్ళ వైపే చూస్తోంది.

"మేడం, నీ మిషను ముందు నా బిడ్డ వచ్చేసినాడంది. తర్వాత రాలేదంది. మూడో మాట ఏమంటాదో?"

"మూడో మాట అది చెప్పదమ్మా. చూసినవాళ్ళు చెబితేనే అది రాసుకునేటట్టు చేస్తున్నాను."

"అట్టాగే చెయ్యి," అంది. "చూడకుండా చెప్పే మాట మనిషి జెప్పినా నేను నమ్మను."

ఆ వాక్యం విన్నాక ఫారంలో మరో గడి చేర్చాను. దాని పేరు 'చూసినవారు'. ఆ గడి ఖాళీగా ఉంటే 'వచ్చింది' బటన్ పని చేయకుండా మాక్రోలో ఒక షరతు పెట్టాను. ధనలక్ష్మి పక్కన నిలబడి, ఇంకొకటి కూడా కావాలంది. "ఎప్పుడొస్తారని మేం అడగం మేడం. కానీ ఐసు ఎంత ఏసుకున్నారో రాస్తా ఉంటాం గదా. దాన్ని బట్టి ఎన్నాళ్ళు ఉంటారో తెలిసిపోతాది. ఆ ఐసు కరిగే లోపల రాకపోతే ఆ పేరు ఎర్రగా అయ్యేటట్టు పెట్టలేమా?" పెట్టగలం. పెట్టాను. ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు, ఎవరికీ అపశకునం లేదు.

ఇంతలో వైర్‌లెస్ పలికింది. పోలయ్య గారు శబ్దం పెంచారు.

"నీలం బోటు దొరికింది. ఇంజను పంకకి వల తాడు చుట్టుకోనుండాది. లంగరేసుకోని కూచోనుండారు. నలుగురూ బాగుండారు. కట్టుకోని వస్తా ఉండాం."

ధనలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుంది. పోలయ్య గారు కళ్ళద్దాలు తీసి, కండువాతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. ఆదెమ్మ మాత్రం, "అన్నం తిన్నారేమో అడుగన్నా," అంది.

"ఏందిమే, నడిసముద్రంలో అన్నం సంగతి నేనడగాల్నా?" అని విసుక్కుంటూనే ఆయన అడిగారు. తిన్నామని జవాబు వచ్చింది. పైగా చేపల పులుసు కూడా కాచుకున్నారట. "నేనిక్కడ చస్తా ఉంటే ఆడ పులుసా!" అంది ఆదెమ్మ. అప్పుడు నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి.

చీకటి పడకముందే, మొదటి చినుకులతో పాటు, మరబోటు వెనక తాడుతో కట్టిన నీలం బోటు కనిపించింది. పాళెంలో సగం మంది ఇసుక మీదే ఉన్నారు. అందరూ కలిసి బోటును పైకి లాగారు. రమణ బోటులోంచి దూకి, తల్లిని చూసి, "ఏందిమా, అందరూ ఈడ చేరినారు, ఎవరికేమైంది?" అన్నాడు. అతని వీపు మీద ఆమె కొట్టిన దెబ్బ గాలిలో కూడా స్పష్టంగా వినిపించింది.

అందరం తడుస్తూ కార్యాలయంలోకి వచ్చాం. ధనలక్ష్మి రమణ రికార్డు తెరిచి, 'చూసినవారు' గడిలో 'ఆదెమ్మ, తల్లి' అని టైపు చేసింది. కొత్త గడిలో మొదటి పేరు అదే. తరువాత కుర్చీ వదిలి లేచి, "నువ్వే నొక్కు పెద్దమ్మా," అంది.

"నాకేం దెలుసు? ఏదో ఒకటి నొక్కి పాడుజేస్తానేమో."

"ఏం కాదు. ఇదిగో, ఇక్కడ."

ఆదెమ్మ తడిచేతిని చీరకు తుడుచుకుని, మౌస్ మీద పెట్టి, నొక్కింది. వెంటనే తెర మీద చిన్న పెట్టె వచ్చింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమంటా ఉండాది ఇది?"

"ఒక వరుస మారుస్తున్నాను, సరేనా అని అడుగుతోందమ్మా," అన్నాను. "ఒక్క బోటే కదా అని."

ఆ తరువాత నేను చాలా ఫారంలు చేశాను, చాలా బటన్లు పెట్టాను. బటన్ మీది మాట ఎంత చెబుతుందో వెనక మాక్రో సరిగ్గా అంతే చేయాలన్నది ఆ పాళెంలో నేర్చుకున్న మొదటి సంగతి. ఎప్పుడూ జరిగేదాన్ని తప్పక జరిగేదిగా మాక్రోలో రాసిపెట్టకూడదన్నది రెండోది. ఖాతాదారులు ఇప్పటికీ, ప్రతిసారీ ఆ పెట్టె అడ్డం వస్తోంది, తీసేయండి అంటారు. అనవసరంగా అడిగే చోట్ల తీసేస్తాను. మనుషుల రాకపోకలు, మందులు, ప్రాణం మీదికి వచ్చే ఏ సంగతైనా ఉన్న చోట తీయను. వాళ్ళు విసుక్కుంటే ఆ రోజు ఆదెమ్మ ఆ పెట్టెకు ఇచ్చిన జవాబు చెబుతాను. ఆమె తెర వైపు కాసేపు చూసి, మళ్ళీ మౌస్ పట్టుకుని, గదిలో మరెవరూ లేనట్టు దానితోనే మాట్లాడింది.

"ఒకటే నాయనా. ఒకటే. నా కళ్ళతో చూసినా, రాసుకో."